బాసు మత్స్యము - గాలపు వేట

సాయంకాలమున రచ్చబండకడ గూర్చుండి ఈ మాటలు వినుచున్న పెద్దలు నేటి ప్రసంగవిషయము విని నవ్వుదురేమో. ముప్పదియైదేండ్లు పాఠశాలలో శబ్దమంజరియు అమరకోశమును వల్లింపజేసిన ముదుసలి పంతులు, వంటయింట మీనగంధ మెఱుగని కుటుంబమున బుట్టినవాడు, చేపలవేటను గూర్చి చెప్పునదేమి యని మీరనవచ్చును. ఆ యాక్షేపణ న్యాయమే. కాని రెండేండ్ల క్రిందట నేను నా కుమారుడుండు అమెరికా దేశమునకు బోయి, జార్జియా రాష్ట్రమున అట్లాంటా నగరపు పొలిమేరలో నాలుగు మాసములుంటిని. అచట పదునొకండేండ్ల నా మనుమడు నా చేతికొక గాలపు కఱ్ఱ నిచ్చి నన్ను శిష్యునిగా జేసికొనెను. చేప పడిన పిదప దానిని మరల నీటిలో విడిచివేయుదురని వాడు చెప్పగా, "విడుచుటకే యైనచో పట్టుట యేల?" యని యడిగితిని. వాడు కొంతసేపు ఆలోచించి, "అందరును అట్లే చేయుదురు తాతయ్యా" యనెను. ఆ యుత్తరము నాకు తృప్తి గూర్పలేదు. కారణము తెలిసికొనగోరి ఆ దేశపు గాలపు వేట చరిత్రమును చదువ మొదలిడితిని.

ఆ మనుమడు పట్టబోయిన చేప పేరు బాసు. ఇది ఉత్తర అమెరికా ఖండపు తూర్పుభాగమునగల యేఱులకును సరస్సులకును సహజమైన మంచినీటి చేప. ఇందు ముఖ్యములైనవి రెండు: పెద్దనోటి బాసు, చిన్ననోటి బాసు. నోరు మూసియున్నపుడు పైదవడ కొస కంటిని దాటి వెనుకకు బోయినచో అది పెద్దనోటిది. కంటికి లోపలనే నిలిచినచో చిన్ననోటిది. పెద్దనోటిది ముదురాకుపచ్చని వన్నెగలది. ప్రక్కను తలనుండి తోకవఱకు నల్లని చార యొకటి యుండును. ఇది నాచుపొదల నీడను, నీట గూలిన మ్రాని కొమ్మల క్రిందను కదలక పొంచియుండి, కప్పగాని చిన్నచేపగాని దాపునకు వచ్చినంతనే యొక్క పెట్టున మ్రింగును. ఈ వర్ణన వినగానే మీలో పలువురకు మన చెఱువుల కొర్రమీను స్ఫురించి యుండును. ఈ రెంటికిని జాతిచే చుట్టరికము లేదు గాని, నడవడి చూడ నన్నదమ్ములవలె నుండును. సంతానరక్షణ విషయమున గూడ నంతే. కొర్రమీను తన యెఱ్ఱని పిల్లలగుంపు వెంట తిరుగుచు కాపాడుట మనకు దెలిసినదే కదా. బాసు జాతియందు మగచేప వసంతమున నీరు వెచ్చబడగానే అడుగున తోకతో నూడ్చి గుంట చేసి, ఆడుచేప గ్రుడ్లు పెట్టిపోయిన పిదప తానే కావలియుండి, గ్రుడ్లు పొదిగి పిల్లలు కొంత యెదుగువఱకు దరికి వచ్చినదానినెల్ల తఱుమును. ఆ దినములందు దానికి కోపము మెండు. గాలమునకు సులభముగా జిక్కును. ఈ మాట మీరు జ్ఞాపకముంచుకొనుడు.

దీని శాస్త్రీయనామమును గూర్చిన కథ యొకటి వైయాకరణులకు వినోదకరము. ఫ్రెంచి దేశపు పండితుడు లాసెపేదు 1802లో ఈ చేపలను వర్ణించి పేర్లు పెట్టెను. ఆయన వానిని వాని నీళ్లలో జూచినవాడు కాడు. దూరదేశమునుండి వచ్చిన నమూనాలను జూచి వ్రాసినవాడు. అందొక చేపకు వీపుమీది రెక్క వెనుకభాగము చిరిగిపోయి, తుది యీనెలు కొన్ని విడిగా నిలిచి, ప్రత్యేకమైన చిన్న రెక్కవలె గన్పట్టెను. ఆయన దానిని సృష్టిసిద్ధమైన లక్షణముగా భావించి గ్రీకు పదములతో "మైక్రోప్టెరస్", అనగా అల్పపక్షము, అని నామకరణము చేసెను. తరువాత నిజము తెలిసినను, మొదటి పేరే నిలువవలెనను శాస్త్రమర్యాదచేత నేటికిని ఆ చేప చిరిగిన రెక్క పేరితోనే చెల్లుచున్నది. రూఢి యోగముకన్న బలవత్తరమని మన శాస్త్రకారులు చెప్పిన దానికి సముద్రముల కావల దొరకిన యుదాహరణ మిది. అంతేకాదు, బాసు అనునదియు సరియైన పేరు కాదు. ఐరోపా సముద్రములందలి బాసు వేఱు. ఇది సూర్యమత్స్యములని పిలువబడు వేఱొక కుటుంబమునకు జెందినది. దక్షిణరాష్ట్రముల జనులు చాలకాలము దీనిని ట్రౌటు అని పిలిచిరి. అదియు తప్పే.

ఇక వేట విషయము. తెల్లవారు తమ సాధనములతో వచ్చుటకు పూర్వమే అచటి ఆదిమజాతులవారు ఈ చేపను పట్టుచుండిరి. విలియం బార్ట్రము అను వృక్షశాస్త్రజ్ఞుడు 1774 ప్రాంతమున ఫ్లోరిడా దేశమున సంచరించి, 1791లో ప్రకటించిన తన యాత్రాగ్రంథమున ఆ పద్ధతిని వర్ణించెను. చిన్న దోనెలో నిద్దఱు. వెనుకనున్నవాడు చప్పుడు కాకుండ గట్టువెంబడి నడపును. ముందున్నవాని చేత పది పండ్రెండడుగుల కఱ్ఱ. దాని కొసను సుమారు ఇరువదంగుళముల దారము మాత్రమే. దారమునకు వీపులు కలిపిన మూడు కొక్కెములు. వానిపై జింకతోక తెల్లవెండ్రుకలును, ఎఱ్ఱని గుడ్డపేలికలును, రంగురంగుల యీకలును గట్టి పిడికిలియంత కుచ్చు చేయుదురు. దానిని నీటికి కొంచెము పైన నాచుపొదల యంచున ఊపుచు, అపుడపుడు నీటిని తాకింపుచు బోవుదురు. పొంచియున్న చేప దానిని ప్రాణియనుకొని యెగిరి పట్టును. చూచితిరా? ఎర లేదు, రాట్నము లేదు. ఉన్నదెల్ల చేప స్వభావమును గూర్చిన జ్ఞానము మాత్రమే. తరువాతి రెండువందల యేండ్లలో అంగళ్లకెక్కిన కృత్రిమపు టెరలకెల్ల మూలసూత్ర మీ కుచ్చులో నున్నది.

దారమును కఱ్ఱకొసకు గట్టినంతకాలము వేటకాని చేయి కఱ్ఱ పొడవును మించి పోలేదు. ఆ హద్దును దాటించినవాడు కెంటకీ రాష్ట్రమున పారిసు అను నూరిలో గడియారములు బాగుచేసుకొనుచుండిన జార్జి స్నైడరు. పందొమ్మిదవ శతాబ్దారంభమున, 1810 మొదలు 1820 లోపుగా, ఆయన గడియారపు పండ్లచక్రముల నమర్చి యొక రాట్నము చేసెను. పిడిని ఒక్కసారి త్రిప్పినచో లోని కండె పలుమార్లు తిరుగును. దీనిచేత దారమును దూరము విసరుటయు, వేగముగా జుట్టుకొనుటయు సాధ్యమయ్యెను. మీకు నూలు రాట్నము తెలియును గనుక ఇంతకన్న వివరింప బనిలేదు. పెద్ద చక్రము ఒక్క చుట్టు తిరుగులోపల కదురు ఎన్ని చుట్లు తిరుగునో ఇదియు నట్లే.

ఐనను చాలకాలము బాసునకు మర్యాద లేకపోయెను. ఇంగ్లండు సంప్రదాయమున బెరిగిన దొరలు సాల్మను, ట్రౌటు చేపలే పెద్దమనుష్యుల వేటకు దగినవని తలచుచుండిరి. జేమ్సు హెన్షాలు అను వైద్యుడు 1881లో ఈ యొక్క చేపను గూర్చియే పెద్ద గ్రంథము వ్రాసి, పరిమాణమునుబట్టి చూచినచో దీనికి సాటివచ్చు పోరుబంటు మఱొకటి లేదని వాదించెను. అది మొదలు దీని దశ తిరిగినది. జేమ్సు హెడ్డను అను తేనెటీగల పెంపకగాడు మిచిగను రాష్ట్రమున మిల్లు కుంటకడ గూర్చుండి కత్తితో చెక్కుచున్న కొయ్యముక్కను నీటిలోనికి విసరగా బాసు దానిపై దుమికెననియు, అందుండియే కొయ్య కప్పల వ్యాపారము పుట్టెననియు ఒక కథ కలదు. కథ యెంతవఱకు నిజమో గాని, కొయ్య కప్పలును వ్యాపారమును నిజమే. 1949లో ఒహాయో రాష్ట్రమున ఏక్రను నగరవాసి నిక్ క్రీము ప్లాస్టిక్కుతో వానపామును పోతపోసెను. నా మనుమని పెట్టెలో అట్టివి ఊదావన్నెవి ఇరువది యుండెను.

చేపకు కీర్తి వచ్చిన పిదప దాని కాపురము స్వస్థానమున నిలువలేదు. 1854లో ఒహాయో నదీప్రాంతపు చిన్ననోటి బాసులను కొన్నింటిని చిల్లులుపెట్టిన తగరపు బాల్చీలో నుంచి, ఆ బాల్చీని రైలుబండి యింజను నీళ్లతొట్టిలో వ్రేలాడదీసి, కొండలు దాటించి పోటోమాకు నదీప్రాంతమునకు జేర్చిరి. ఆ నదిలో అంతకుముందు ఈ చేప లేదు. కొలది యేండ్లలో నదియంతయు నిండెను. చేసినవారు దానిని పుణ్యకార్యముగానే తలచిరి. దాని పర్యవసానము ముందు చెప్పెదను.

ఇపుడు నా శిష్యరికము. క్రొత్తగా నేర్చువానికి గావలసిన పరికరములు మిక్కిలి స్వల్పము. ఆఱేడడుగుల కఱ్ఱ, దానికి మూతవేసిన రాట్నము, సన్నని నైలాను దారము, ఒక కొక్కెము, మినపగింజంత సీసపుగుండు, బెండు. రాట్నము లేకున్నను వెదురుకఱ్ఱ చాలును. ఎరకు మట్టి త్రవ్వి తీసిన వానపాము. అంగళ్లలో వేలాది వన్నెల పరికరములమ్ముదురు. వానిలో పెక్కు చేపలను గాక మనుష్యులను పట్టుటకు జేసినవని నా కుమారుడు హాస్యమాడెను. నేర్వవలసినవి మాత్రము మూడు నాలుగు కలవు. ప్రొద్దుపొడుపునను, మునిమాపునను పోవలెను. ఎండవేళ చేప లోతునకో నీడకో పోవును. గట్టుమీద అడుగుల చప్పుడు కానీయరాదు. నీడను నీటిపై పడనీయరాదు. చేప యున్నదని తలచిన చోటనే ఎరను గూలవేయక, దానికి ఆవల విసరి మెల్లగా ఆ చోటిమీదుగా లాగవలెను. దారము బిగిసినపుడు తొందరపడి గుంజక, బరువు తెలిసిన పిదప కఱ్ఱను పైకెత్తవలెను. నేను మొదటి వారమంతయు చెట్టుకొమ్మలనే పట్టితిని. మనుమడు ఒక్క మాటయు కఠినముగా ననలేదు. నేను నా విద్యార్థులయెడ అంత శాంతముగా నుండియుంటినా యని అచట నిలుచుండి తలపోసితిని.

స్వల్ప పరికరము చాలుననుటకు జగత్ప్రసిద్ధమైన సాక్ష్యము ఆ జార్జియా రాష్ట్రముననే యున్నది. 1932వ సంవత్సరము. అమెరికా దేశమంతట గొప్ప ఆర్థికక్షామము. జార్జి పెర్రీ అను ఇరువది యేండ్ల రైతుబిడ్డ. తండ్రి అంతకు ముందటి యేడు గతించెను. తల్లి, ఇద్దఱు చెల్లెండ్రు తమ్ములు అను కుటుంబభారము వానిమీద బడెను. జూను 2వ తేదీన వాన కురిసి నాగలి కట్టుటకు వీలులేకపోయెను. ఒక మిత్రునితో గలిసి ఓక్మల్గీ నది పాయగా మిగిలిన మాంటుగోమరీ సరస్సునకు బోయెను. ఇద్దఱకును గలిపి కఱ్ఱ యొకటి, రాట్నమొకటి, కొయ్యచేప యొకటి. వంతులవారీగా విసరుకొనుచుండగా పెర్రీ వంతున దారము బిగిసెను. మొద్దునకు దగిలినదనుకొనెను. మొద్దు కదలెను.

ఆ చేపను సమీపమున హెలీనా యను నూరి తపాలాకచేరి త్రాసుమీద దూచిరి. 22 పౌనుల 4 ఔన్సులు, అనగా మన లెక్కకు సుమారు 10 కిలోలు. పొడవు ముప్పది రెండున్నర అంగుళములు. ఒక మాసపత్రిక నడపు పోటీకి ఆ కొలతలు పంపగా, 75 డాలర్ల విలువగల వస్తువులు బహుమానముగా వచ్చినవి. మఱి చేప యేమైనది? తల్లి వండినది. ఇంటిల్లిపాదియు రెండు దినములు తినిరి. ప్రపంచమున నేటివఱకు అంతకన్న బరువైన పెద్దనోటి బాసు పట్టుబడినట్లు అంగీకరింపబడలేదు. 1974లో పెర్రీ విమానప్రమాదమున గతించువఱకు, ఆ తరువాతను, లక్షలు వెచ్చించి పడవలును యంత్రములును కొన్నవారందఱు ఆ పేదరైతు వాననాటి వేటను దాటజాలక పోయిరి.

సరితూగినవాడు మాత్రము ఒకడు కలడు. అతడు అమెరికావాడు కాడు. 2009 జూలై 2వ తేదీన జపాను దేశమున బివా సరస్సులో మనాబు కురిటా పట్టిన చేప పెర్రీ చేపకన్న ఔన్సు లోపల నెక్కువ తూగెను. పాత లెక్కను గొట్టివేయుటకు కనీసము రెండు ఔన్సులు హెచ్చుండవలెనను నియమముండుటచేత ఇద్దఱిని సమానులుగా నిర్ణయించిరి. జపానునకు ఈ చేప యెట్లు పోయినది? 1925లో అకాబోషి టెట్సుమా అను సంపన్నుడు అమెరికానుండి తెప్పించి అషీ సరస్సులో విడిచెను. అందుండి క్రమముగా దేశమంతయు వ్యాపించి, బివా సరస్సులోనున్న సహజమత్స్యములను మ్రింగ మొదలిడెను. బివా సరస్సు అతి ప్రాచీనము. మఱెచ్చటను లేని జలచరములు అందున్నవి. కావున ఆ ప్రాంతపు ప్రభుత్వము, గాలమునకు జిక్కిన బాసును మరల సరస్సులో విడువరాదని 2003 నుండి శాసించినది. జార్జియాలో విడుచుట మర్యాద, బివాలో విడుచుట నేరము. చేప యొక్కటే. దేశకాలములనుబట్టి ధర్మము వేఱగునని చెప్పిన మన పూర్వులకు ఇంతకన్న మంచి దృష్టాంతము దొరకియుండదు.

గ్వాటిమాలా దేశపు అటిట్లాను సరస్సు కథ యింకను దుఃఖకరము. వేటకై వచ్చు విదేశీయుల నాకర్షింపగోరి 1958 మొదలు 1960 వఱకు అందు బాసును విడిచిరి. ఆ సరస్సున దప్ప లోకమున మఱెచ్చటను లేని యొక నీటిపక్షి యుండెను, ఎగురలేనిది. బాసు దాని ఆహారమైన చిఱుచేపలను, పీతలను తినివేసెను, పిల్లలనుగూడ మ్రింగెనందురు. రెల్లు నఱుకుట మొదలగు కారణములును తోడై, 1990 నాటికి ఆ పక్షి అంతరించెను. ఇంజను తొట్టిలో చేపలు తెచ్చినవారికిని, వీరికిని సదుద్దేశములోపము లేదు. ఈ విషయము మనకు దూరమైనదని తలపకుడు. ప్రభుత్వము నిషేధించినను ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌ను మన జిల్లాల గుంటలలో దొంగచాటుగా బెంచుచునే యున్నారు. వరదవచ్చి గట్టు తెగిన నాడు అవి యేయేటికి బోవునో పెంచినవాని కేమి పట్టినది?

ఇక నేను మొదట నడిగిన ప్రశ్న. పట్టి విడుచుట యను నాచారము అంత ప్రాచీనమేమియు గాదు. అలబామా రాష్ట్రపు భీమా వ్యాపారి రే స్కాటు 1967లో బాసువేట పందెములను ప్రారంభించి, మఱుసటి యేడు వేటగాండ్ర సంఘమును స్థాపించెను. పందెములందు వందలకొలది చేపలు చచ్చుట జూచి జనులు నిందింపగా, 1972 నుండి చేపలను సజీవముగా దూచి విడుచు పద్ధతిని ఆయన ప్రచారము చేసెను. దానివలన జలాశయములలో చేప మిగిలినది, అది నిజము. ఐనను, ఆకలికై పట్టి తిన్న పెర్రీకిని, ఆటకై పట్టి విడుచువానికిని నడుమ, మాంసము ముట్టని నా మనస్సు పెర్రీ పక్షమునకే మ్రొగ్గుచున్నది. చెప్పుటకు నాకే వింతగానున్నది. మన దేశమున రాజులును ఈ యాట నెఱుగనివారు కారు. కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు పండ్రెండవ శతాబ్దమున రచించిన మానసోల్లాసమున మత్స్యవినోదమునకు బ్రత్యేకాధ్యాయము కలదు. మన అనుమకొండ కాకతి ప్రోలరాజు వంశీయులు ఆనాడు ఆ చాళుక్యుల సామంతులు. అంతకు పదునాలుగు వందల యేండ్లకు బూర్వమే అశోకుడు తన యైదవ స్తంభశాసనమున కొన్ని జాతుల చేపలను చంపరాదనియు, చాతుర్మాస్యపు పున్నములు మొదలగు కొన్ని దినములందు చేపలను పట్టుటయు అమ్ముటయు కూడదనియు విధించెను. వేటకు కాలనియమము పెట్టుట నిన్న మొన్నటి యూహ కాదని తెలియుటకై చెప్పితిని.

గాలము ఒక చేపను మాత్రమే పట్టును. అదియు చేప నోరు తెఱచినపుడే. నా చిన్ననాట మా యూరి చెఱువున బెస్తలు కొర్రమీను పిల్లలతో దిరుగుచున్న దినములందు దానిని ముట్టెడివారు కారు. ఒక వేసవి రాత్రి ఎవరో మందుగుండు తెచ్చి చెఱువులో బేల్చిరి. తెల్లవారునప్పటికి నీరంతయు తెల్లని పొట్టలు. వ్రేలంత పిల్లలు మొదలు మూరెడు చేపలవఱకు తేలినవి. మోయగలిగినంత మోసికొనిపోయి తక్కినది కుళ్లుటకు విడిచిరి. మందుగుండుతోను విషముతోను చేపలను చంపుట నేరమని 1897లోనే చట్టము చేయబడినది. అంతకుముందే మదరాసు రాజధానిలో నుద్యోగియైన హెన్రీ థామసు చేపపిల్లల వినాశమును గూర్చి ప్రభుత్వమునకు మొఱపెట్టెను; ఆయన 1873లో మంగుళూరున అచ్చువేయించిన గాలపు వేట గ్రంథము ప్రసిద్ధము. చట్టమున్నను ఆ రాత్రి మా చెఱువుగట్టున లేదు. మరల కొర్రమీను కనబడుటకు మూడు వానకాలములు పట్టినది. నేడు ఆ చేపయే తెలంగాణమునకు రాష్ట్రమత్స్యము.

నా చేతికి చేప చిక్కినది అట్లాంటా విడుచుటకు ఆఱు దినముల ముందు. ఉదయము, నీటిమీద పొగవలె మంచు, బెండు రెండుసార్లు వణకి మునిగెను. నేను తొందరపడితిని గాని చేప నాకన్న తొందరపడినది కాబోలు, తప్పించుకొనలేదు. మనుమడు చేతులు తడిచేసికొని దాని క్రిందిదవడను బట్టి కొలపట్టికపై బెట్టెను. పదునొకండంగుళములు. పండ్రెండు అంగుళములకు తక్కువైనదానిని ఉంచుకొనరాదని ఆ రాష్ట్రపు నియమము. అనుమతిపత్రము నా పేర నా కుమారుడు రొక్కమిచ్చి కొనియున్నాడు గనుక, నియమము నాకును వర్తించును. మనుమడు కొక్కెము నూడదీసెను. పెదవికడ రక్తపుచుక్క యొకటి. వాడు దానిని నీటిలో నుంచి ముందు వెనుకలకు మెల్లగా ఆడించుచు, "పెద్దదైయుంటే ఏమి చేసేవాడివి తాతయ్యా?" అని యడిగెను. నేను బదులు చెప్పులోపలనే చేప తోక విదిల్చి వాని ముఖముమీద నీరు చిమ్మి నాచులోనికి బోయెను.